జెండా వెనకాల పది రోజుల యూరప్

ఈ ఎపిసోడ్‌లో మా ఆయనా నేనూ చేసిన యూరప్ గ్రూప్ టూరు కబుర్లు చెప్తాను. మీ అమ్మానాన్నల్ని ఇలాంటి టూరుకి పంపాలనుకుంటుంటే చివరిదాకా వినండి, పనికొస్తుంది.

ముందు మా ఆయన గురించి. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. 2022లో ఆ ఉద్యోగానికి 'ట్రైన్ మేనేజర్' అని పేరు మార్చారు గానీ, ఆయన మటుకు ఇప్పటికీ "నేను గార్డునే" అంటారు. ముప్పై మూడేళ్లు పచ్చజెండా ఊపిన మనిషి. టూరు మొదటి రోజే గైడమ్మాయి ఒక చిన్న పసుపు జెండా ఎత్తి "అందరూ దీని వెనకాలే రండి" అంది. ఈయన నా చెవిలో, "పసుపంటే మెల్లగా పొమ్మని కదే, ఈ పిల్ల పరిగెడుతుందేంటి?" అన్నారు.

అసలు తమాషా సామాను సర్దేటప్పుడే మొదలైంది. మా ఆడపడుచు బంగినపల్లి మామిడిపళ్లూ, పాలకోవా కట్టి తెచ్చింది. రూల్స్ చూస్తే, యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ, మాంసమూ తీసుకురాకూడదు. పళ్లకి సర్టిఫికెట్ కావాలి. ఐదింటికి మాత్రం అక్కర్లేదు: అనాస, కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరం, డ్యూరియన్. మా ఆయన లిస్టు చదివి, "కొబ్బరికాయకీ అరటిపండుకీ పర్మిషన్ ఉంది. దేవుడికి వీసా వచ్చేసింది, మనకే ఇంకా రాలేదు" అన్నారు.

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి తీసుకెళ్లారు. మోనాలిసా బొమ్మ ఎంతనుకున్నారు? 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. మా హాల్లో వెంకటేశ్వరస్వామి పటం ఇంతకంటే పెద్దది! జనం అందరూ ఫోన్లు పైకెత్తేశారు. నేను మోనాలిసాని ముందు నిలబడ్డ కుర్రాడి ఫోన్‌లో చూశాను. బాగానే కనిపించింది లెండి.

స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్ కొండ ఎక్కే రైలు ఉంది. 1896లో పని మొదలుపెట్టి, కొండలో సొరంగం తొలిచి, 1912లో పూర్తి చేశారు. పైనున్న స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. యూరప్ మొత్తంలో అంతకంటే ఎత్తైన రైల్వే స్టేషన్ లేదు. అందరూ మంచు చూస్తుంటే, ఈయన ప్లాట్‌ఫాం మీద వంగి పట్టాలు చూస్తున్నారు. నిటారు ఎక్కుడు కదా, బండి జారకుండా మధ్యలో పళ్ల పట్టా ఉంటుంది. దానికి పన్నెండు ఫోటోలు తీశారు. నావి రెండు. అందులో ఒకదాంట్లో నా కళ్లు మూసుకుని ఉన్నాయి.

ఇక వెనిస్ సంగతి. అక్కడ ఊళ్లో బస్సులూ కార్లూ తిరగవు. మా బస్సు ట్రొంకెట్టో అనే చోట ఆగితే, అక్కణ్నుంచి పడవలో సెయింట్ మార్క్స్ స్క్వేర్‌కి వెళ్లాం. అక్కడి గంటల గోపురం 1902లో కుప్పకూలిందట, 1912లో మళ్లీ అలాగే కట్టారట. ఈయన మెడ పైకెత్తి దాన్ని చూస్తూ ఉండిపోయారు. గ్రూపు సందులోకి తిరిగిపోయింది. పడవ దగ్గర లెక్కపెడితే ముప్పై తొమ్మిది మందిమి. ఉండాల్సింది నలభై.

ఫోన్ చేశాం. నా హ్యాండ్‌బ్యాగులోనే మోగింది. "జేబు బరువుగా ఉంది" అని పొద్దున్నే నా చేతికిచ్చేశారు. షుగర్ మాత్రలు కూడా నా దగ్గరే ఉన్నాయి.

నిజం చెప్తున్నా, అప్పుడు కాళ్లు వణికాయి. ఆయన నైట్ డ్యూటీలకి వెళ్తే నేను ఇంట్లో ఎదురుచూసిన రాత్రులు ఎన్నో. బండి నాలుగు గంటలు లేటైనా కంగారుపడలేదు, పట్టాలు ఎక్కడికెళ్తాయో తెలుసు కాబట్టి. ఇక్కడ ఏ సందు ఎక్కడికెళ్తుందో తెలీదు. సగం సందుల చివర నీళ్లే.

ఇంకో చిక్కు ఉంది. యూరప్‌లో బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. రోజుకి మామూలుగా 9 గంటలే నడపాలి. బస్సులో మెషీన్ అన్నీ రికార్డు చేస్తుంది. అందుకే గైడ్లు అంత తొందరపెడతారు. గ్రూపులో ఒకాయన "ఒక్కరి కోసం అందరం ఆగాలా?" అని సణిగాడు. వాళ్లావిడ వెంటనే, "అయితే రేపు మీరు తప్పిపోతే నేను ఆగక్కర్లేదన్నమాట" అంది. మళ్లీ ఆయన నోరెత్తితే ఒట్టు!

గైడమ్మాయీ నేనూ వెనక్కి పరిగెత్తాం. షాపులు, కాఫీ హోటళ్లు, టాయిలెట్లు అన్నీ వెతికాం. ఎక్కడా లేరు. నలభై నిమిషాల తర్వాత గోపురం దగ్గరికొచ్చి చూస్తే, చేతులు వెనక్కి కట్టుకుని అదే చోట నిలబడి ఉన్నారు, ఇంచు కదలకుండా! "సిగ్నల్ లేకుండా బండి కదలకూడదు కదే. నేనూ తిరిగి, నువ్వూ తిరిగితే, ఇద్దరం ఎప్పటికి కలుస్తాం?" అన్నారు. కోపం రావాలి నాకు. ఏడుపొచ్చింది.

గైడమ్మాయి తెలివైంది. "అంకుల్, రేపట్నుంచి మీరు అందరికన్నా చివర నడవండి. మీ వెనక ఎవరూ మిగలకూడదు" అంది. గార్డు ఉండేది ఎప్పుడూ చివరి పెట్టెలోనే కదండీ! ఆ మాటతో ఆయన నడకే మారిపోయింది. ఫ్లోరెన్స్‌లో, రోమ్‌లో, ఎక్కడ బస్సెక్కినా ముందు తలలు లెక్కపెట్టి "నలభై, రైట్!" అనేవారు. ఆ సణిగినాయన కూడా బుద్ధిగా లెక్కలో నిలబడ్డాడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. అమ్మకి వేరే, నాన్నకి వేరే రోమింగ్ ప్యాక్ వేయించండి. ఫోన్ మెడలో తగిలించుకునే తాడు కొనివ్వండి. లైవ్ లొకేషన్ ఒకరిది ఒకరికి కనపడేలా ముందే పెట్టండి. గైడ్ నంబరూ, హోటల్ అడ్రసూ కాగితం మీద రాసి, రెండు రోజుల మాత్రలతో పాటు ఇద్దరి జేబుల్లోనూ పెట్టండి. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దు, జెండా చివరిసారి కనపడ్డ చోటే నిలబడాలని గట్టిగా చెప్పండి. ఇవన్నీ మీరే దగ్గరుండి సెట్ చేసివ్వండి. "మాకొచ్చులే" అంటారు. నమ్మకండి!

ఉంటానండీ, మళ్లీ కలుద్దాం.