పట్టా లేనోళ్ల పేరు ముందు రాయాలె

(సిద్దిపేటలో గిరిజన యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సంఘపోళ్లు ఏడాది పొడుగునా ఏం చేస్తరన్నా అని మొన్న ఒక తమ్ముడు అడిగిండు. ధర్నా కనబడతది, ప్రెస్‌మీట్ కనబడతది. కనబడని పని ఒకటుంది. దాని గురించే చెప్త.

మన మల్లన్నసాగర్ కాడికే పోదాం. 2015 జులై 30న ప్రభుత్వం జీవో 123 తెచ్చింది. భూమి ఉన్నోళ్లు ఇష్టపడి అమ్ముతున్నరు, మేం కొంటున్నం అన్నది దాని సారం. అమ్మేటోళ్లకు పైసలొస్తయి. మరి ఆ పొలంల నాటేసిన కూలికి? కౌలుదారుకు? జీవో లెక్కల ఆ మనిషే లేడు. తర్వాతి ఏడు వేములఘాట్‌ల రిలే దీక్షలు కూసున్నరు. 2016 జులై 24న రాజీవ్ రహదారి దిక్కు బయల్దేరిన జనం మీద లాఠీలు పడ్డయి. ఊర్లల్ల 144 సెక్షన్ పెట్టిన్రు.

ఆగస్టు 3న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కేసేసింది ఎవరనుకున్నరు? పెద్ద రైతులు కాదు. జహీరాబాద్ నిమ్జ్ కింద పని పోతున్న వ్యవసాయ కూలీలు. నేను డిగ్రీ చదివినన్ని రోజులు ఈ ముచ్చట నాకెవ్వరూ చెప్పలే.

వాళ్ల బలం 2013 భూసేకరణ చట్టం. అందుల మూడో సెక్షన్ చదువుండ్రి. భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేండ్ల నుంచి ఆ ఊర్లె కూలి చేసో, కౌలు చేసో బతికే కుటుంబం కూడా బాధిత కుటుంబమే. ఒంటరి ఆడామె వేరే కుటుంబం. పెండ్లి కాకున్నా మేజరైన పిల్లగాడైనా, పిల్ల అయినా వేరే కుటుంబం. మన జిల్లాల తండాలున్నయి గని ఏజెన్సీ లేదు. 1/70 లేదు, పెసా లేదు. గందుకే మనకు ఈ చట్టమే దిక్కు. గిరిజనులకు పరిహారంల మూడో వంతు మొదటి విడతగా ముందే ఇయ్యాలని 41వ సెక్షన్ల ఉన్నది. అదీ అడగం మనం. అయితే 2017ల రాష్ట్రం చట్టాన్ని సవరించి, ఒప్పందం మీద తీసుకునే దారి మళ్ల తెరిచింది. సంతకం పెట్టే ముందు చదవాలె.

గౌరవెల్లి సూడుండ్రి. 2022 జూన్ల గుడాటిపల్లి నిర్వాసితులను పోలీసులు కొట్టిన్రు. వాళ్లు అడిగింది ఏంది? సర్వే నాటికి చిన్నగున్న పిల్లలకు ఇప్పుడు పద్దెనిమిది నిండినయి, మాకూ ప్యాకేజీ ఇయ్యుండ్రి అని. కట్ట లేసేదాకా పిల్లలు పెరగకుండ ఉంటరా?

మన తప్పు కూడా చెప్పుకోవాలె. లిస్టు రాయవోతే మనమే పట్టా పాస్‌బుక్ ఉన్నోళ్ల కాన్నుంచి మొదలువెడతం. కాయితం చేతిల ఉంటది, అల్కగైతది. కూలికి పోయినామె పొద్దుమీకి ఇంటికొచ్చేసరికి మనం టీ తాగి వెళ్లిపోతం. పొద్దుమీకినంక కూసోని రాసుడే నేను చెప్పిన కనబడని పని.

కాల్వలకు, రీజినల్ రింగ్ రోడ్డుకు భూములు తీసుకుంటనే ఉన్నరు. 2013 చట్టం కింద తీసుకుంటే తొలి నోటిఫికేషన్ పడ్డంక అభ్యంతరం చెప్పేటందుకు అరవై రోజులే, జాతీయ రహదారుల చట్టం కింద రోడ్డుకు తీసుకుంటే ఇరవై ఒక్క రోజులే. అప్పుడు ఉరుకుడు కాదు, ఇప్పుడే రాసిపెట్టుకోవాలె.

ఆదివారం నుంచి మా తండాల మొదలువెడుతున్నం, ఏడు గంటలకు. పదో తరగతి మెమో జిరాక్స్ తెచ్చుకోండ్రి, పుట్టిన తారీఖుకు అదే రుజువు. ఇంట్ల కౌలు చేస్తుంటే ఎవరి భూమి, ఎన్నేండ్ల సంది అని అమ్మనడిగి రాసుకొని రండ్రి. రిజిస్టరు నేను తెస్త.