ఒక్క మెతుకు పట్టి చూచి...

(యుగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసినది. పచ్చడిలోని వేపపువ్వు చేదు ఇంకా నాలుక మీదనే ఉన్నది. ఏ రాశివారికి రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో శాస్త్రులుగారు చదువుతూ ఉంటే మనలో కొందరం ముసిముసిగా నవ్వుకొన్నాము. లోకంలోని జనాన్నంతా పన్నెండు గదులలో ఎట్లా సర్దుతారని మన సందేహం. ఆ మాటకు వస్తే పంచాంగకర్తే నయం. ఆయన పన్నెండు గదులైనా ఇచ్చాడు. మన నిత్యవ్యవహారంలో ఉన్నవి రెండే: మనవాళ్ళు, వాళ్ళు.

ఇతరులకు బుద్ధి చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. మేము చేసిన పని ఒకటి మీ ముందు చెప్పుకోవలసి ఉన్నది.

2020 మే నెల మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. సూరత్ మరమగ్గాల మీద బ్రతికే మన గంజాం జిల్లావారు లక్షల సంఖ్యలో ఉన్నారు గదా! మగ్గాలు ఆగి, కూలి ఆగి, వారు రైళ్ళలోను బస్సులలోను తిరిగి రాసాగారు. ఇంటి గడప తొక్కకముందు బడులలో పెట్టిన క్వారంటైనులో గడువు గడపవలసి వచ్చేది. “సూరత్ నుంచి వచ్చాడట” అంటే చాలు, వీధి తలుపులు మూసుకొనేవి. జిల్లాలో జబ్బు పెరిగిన మాట నిజమే. కాని జబ్బును చూచి భయపడవలసిన చోట మనిషిని చూచి అసహ్యించుకోవడం మొదలైనది.

మా సంఘం తరఫున బరంపురం దగ్గర ఒక బడికి రోజూ సాయంత్రం అటుకులు, బెల్లం, అరటిపళ్ళు పొట్లాలు కట్టి తీసుకొని పోయేవారము. లోపల అరవై మంది ఉండేవారు. మూడవనాడు ఒక కుర్రవాడు పొట్లం తీసుకొని, పలుకూ ఉలుకూ లేకుండా వెనుదిరిగి, మరల వరుస చివర వచ్చి నిలబడి రెండవది అడిగాడు. ఇవ్వమన్నాము. అతడు పెద్ద గొంతుతో ఏదో అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఫోనులోనే కార్యవర్గం సమావేశమైనది. “అన్నం ఉడికినదో లేదో తెలియడానికి కుండంతా పిసికి చూడాలా? ఒక్క మెతుకు చాలదా?” అన్నారు మాలో ఒక పెద్దాయన. దానినే స్థాలీపులాక న్యాయం అంటారని మరొకరు జోడించారు. న్యాయం అనే పేరు వినబడేసరికి మాకు ధైర్యం వచ్చినది. సూరత్ నీళ్ళు తాగినవాళ్ళకు మర్యాద ఉండదని, ఎంత పెట్టినా చాలదని తేల్చి, మరునాటి నుంచి పొట్లాలను వేరొక చోటికి మళ్ళించాము. రెండవ పొట్లం అడిగినవాడు ఒక్కడు. మొదటిది కూడా లేకుండా పోయినది యాభై తొమ్మిది మందికి!

సామెతలో తప్పు లేదు. కుండలోని బియ్యం ఒక్క బస్తాలోవి, నీళ్ళు ఒక్క బిందెలోవి, కింద మంట ఒక్కటే. అందుకే ఒక మెతుకు తక్కిన మెతుకులకు సాక్ష్యం చెప్పగలదు. ఆ బడిలో ఉన్నవారు ఎన్ని ఊళ్ళ బియ్యమో! అంతకంటె మేము మరచిన సంగతి మరొకటి ఉన్నది. మెతుకు పలుకుగా ఉంటే వండే ఇల్లాలు వెంటనే బియ్యాన్ని తిట్టదు; వంగి పొయ్యిలో మంట ఎట్లా ఉన్నదో చూస్తుంది. మనవాడు ఏదైనా చేస్తే మనమూ మంటనే చూస్తాము: పాపం, బండి ఆలస్యమైనదేమో, ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమో! పరాయివాడు అదే పని చేస్తే బియ్యాన్ని తిడతాము: వాళ్ళ జాతే అంత.

మంట సంగతిని అమెరికాలో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు పరిశోధించి 1973లో ప్రకటించారు. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుకొంటున్న నలభై మంది విద్యార్థులను పక్క భవనంలో ప్రసంగం చేసి రమ్మని పంపారు. దారిలో ఒక మనిషి దగ్గుతూ మూలుగుతూ కూలబడి ఉండేటట్టు ఏర్పాటు చేశారు. తీరికగా బయలుదేరినవారిలో నూటికి 63 మంది వంతున ఆగి సాయం చేశారు. “ఆలస్యమైపోయినది, త్వరగా వెళ్ళండి” అని తరిమినవారిలో ఆగినది నూటికి పది వంతు. వారిలో కొందరు చేయబోయే ప్రసంగం దారిన పడి ఉన్నవానిని ఆదుకొన్న పుణ్యాత్ముని బైబిలు కథ మీదనే! (ప్రసంగాలు చేసే మాబోటి వాళ్ళు ఇది గోడకు అంటించుకోవాలి.) ఆ దారిన ఎవరైనా వెళుతూ చూచి ఉంటే ఈ కుర్రవాళ్ళకు గుండెకాయే లేదని చెప్పి ఉండేవారు. గుండెకాయ ఉన్నది, తీరిక లేదు.

మనవారు కూడా ఇటువంటి తీర్పుకు బలియైనవారే. గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగూను వెళ్ళిన తాతల కథలు మన ఇళ్ళలో ఉన్నవి. అక్కడ తెలుగువాడల్లా ‘కోరంగీ’. అది గోదావరి ముఖాన ఉన్న ఒక రేవు పేరు. గంజాంవాడు ఆ ఊరి ముఖం చూడకపోయినా కోరంగీయే! 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు దింపించే కంపెనీలు బర్మావారిని పనిలో పెట్టుకొన్నవి. సమ్మె తీరి మనవారు తిరిగి రాగానే బర్మావారిని పొమ్మన్నవి. పిమ్మట జరిగిన కొట్లాటలలో మనవారు ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. కోరంగీలు కూడు లాక్కొనే జాతి అని అటువారు, బర్మావారు కత్తి దూసే జాతి అని ఇటువారు అనుకోవడం ఎంత తేలిక! ఆకలి మటుకు ఇద్దరిదీ ఒక్కటే.

ఇక బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ఊరు మదరాసు రాజధాని నుంచి ఇటు వచ్చినది. మనలో కొందరు అసలు వలస వచ్చినవారే కారు. ఉన్నచోట ఉండగానే సరిహద్దు వారిని దాటిపోయినది. తక్కినవారము ఉద్యోగాలకు, వ్యాపారాలకు వచ్చి చేరాము. వచ్చిన వారం తిరగకముందే ఒడియావారిని గురించి మన ఇళ్ళలో సిద్ధాంతాలు తయారు. మన కారం గురించి, కేకల గురించి వారి ఇళ్ళలోనూ తయారు. ఈ ఊరి పెద్ద పండుగ, రెండేళ్ళకొకసారి జరిగే బూఢీ ఠాకురాణి యాత్ర చూడండి. అమ్మవారు పుట్టింటికి వచ్చే ఆడపడుచు. ఆ పుట్టిల్లు ఎవరిది? తెలుగు నేతకుటుంబాలైన దేవాంగులది; వారి పెద్దను దేశీ బెహెరా అంటారు. ఆ ఊరేగింపులో మనవాళ్ళెవరో, వాళ్ళెవరో గీత గీయగలవారు ఎవరైనా ఉంటే ముందుకు రావచ్చు.

తీర్పు చెప్పడానికి అరనిమిషం చాలు. తెలుసుకోవడానికి ఎంత పడుతుంది? 1909లో థర్‌స్టన్ దొర దక్షిణదేశపు కులాలను గురించి ఏడు సంపుటాలు అచ్చువేశారు. మనుషుల ముక్కుల వెడల్పు కూడా కొలిచిన ఘనుడు. అదే కాలంలో, అప్పటి మన గంజాం జిల్లాలోనే ఉన్న పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మాట వింటున్నారు. ఆ భాష తెలిసినవారిని ఇంటిలో పెట్టుకొని నేర్చుకొన్నారు. కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకొన్నారు. క్వినైను వల్ల వినికిడి పోయినది. సవర వ్యాకరణం అచ్చులో చూచుకొనడానికి 1931 వరకు పట్టినది, అంటే ముప్పయి యేళ్ళకు పైమాటే. సవరలు ఎటువంటివారని అడిగితే వారి క్రియాపదాలను గురించి చెప్పగల మనిషి ఆయన. అంతటివారికీ సరిహద్దు బాధ తప్పలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలియగానే రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు.

మా పొట్లాల సంగతి మిగిలినది. పదిరోజుల తరువాత మాలో ఇద్దరము మనసు ఆగక ఆ బడికి వెళ్ళాము. గడువు తీరి అందరూ ఊళ్ళకు వెళ్ళిపోయారట. కాపలాదారు గదులు కడుగుతున్నాడు. ఆ కుర్రవాడు రెండవ పొట్లం ఎవరికోసం అడిగాడో అతనికీ తెలియదు. ఆనాడు అక్కడే నిలబడి, అడగవలసిన మేము అడగలేదు. మా లెక్కల పుస్తకంలో ఆనాటి పద్దు ఇప్పటికీ ఉన్నది: కట్టినవి 65, పంచినవి 60, మిగులు 5. ఆ అయిదూ మా సంచిలోనే ఇంటికి తిరిగి వచ్చినవి.