దమనకుడికి పడిన శిక్ష: మధ్యయుగాల్లో మూడు మతాల కథాప్రయాణం

అనువాదానికి జీవితాన్ని ధారపోసిన పెద్దలను తలచుకునే ఈ సభలో అనువాదకుల కథే చెప్పుకోవడం సముచితం.

మిత్రభేదం తెలుగువారికి బడి నాటి నుంచీ తెలిసిన కథ. దమనకుడనే నక్క చాడీలు చెప్పి పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకూ మధ్య పగ రగిలిస్తుంది. ఎద్దు ప్రాణం పోతుంది. నక్క మాత్రం రాజుగారి కొలువులో దర్జాగా నిలుస్తుంది. చిన్నయసూరి 1853లో ప్రచురించిన నీతిచంద్రికలోనూ దానికి శిక్ష లేదు.

శిక్ష వేసింది అరబ్బీ రచయిత.

పంచతంత్ర కథలను 6వ శతాబ్దిలో పారశీక రాజు ఖుస్రో అనూషిర్వాన్ కొలువు వైద్యుడు బుర్జోయ్ పహ్లవీలోకి తెచ్చాడని సంప్రదాయం. 8వ శతాబ్ది నడుమ ఇబ్న్ అల్ ముఖఫ్ఫా వాటిని 'కలీలా వ దిమ్నా' పేరుతో అరబ్బీలో చెప్పాడు. పారశీకుడై పుట్టి ఇస్లాం స్వీకరించిన ఈ రచయితకు నక్క తప్పించుకుపోవడం రుచించలేదు. అందుకే పూర్తిగా కొత్త అధ్యాయం చేర్చాడు. కలీలా, అంటే మన కరటకుడు, రాత్రివేళ దిమ్నాను, అంటే దమనకుణ్ణి, నిలదీస్తుంటే చిరుతపులి చాటుగా వింటుంది. సంగతి సింహం తల్లి చెవిన పడుతుంది. విచారణ మొదలవుతుంది. దిమ్నా వకీలులా వాదిస్తాడు, నేరం రుజువు కాకుండా నెట్టుకొస్తాడు. చెరలో అతని మాటలు విన్న మరో జంతువు కూడా సాక్ష్యం చెప్పాకే మరణదండన పడుతుంది. ఒక్కరి మాట మీద శిక్ష వేయరాదన్న న్యాయచింత ఈ ఘట్టం నిండా కనిపిస్తుంది.

ఈ విచారణ ఆ తర్వాత మతాల హద్దులు దాటింది. 12వ శతాబ్దిలో రబ్బీ జోయెల్ అరబ్బీ గ్రంథాన్ని హీబ్రూలోకి మార్చాడు. 1251లో, కాస్టీల్ యువరాజు అల్ఫోన్సో ఆదరణలో, అది స్పెయిన్ జనం మాటలోకి వచ్చింది. యూదుడై పుట్టి క్రైస్తవం తీసుకున్న కాపువా జాన్ 1263-1278 మధ్య హీబ్రూ నుంచి లాటిన్‌లోకి తెచ్చాడు. యూరప్ భాషలు చాలావరకు ఈ కథలను అందుకున్నది ఆ లాటిన్ ప్రతి నుంచే.

పుచ్చుకున్న ప్రతివారూ కథను తమ ఇంటి బిడ్డలా పెంచుకున్నారు. వేరే గ్రంథమే అయినా, దీనికి అల్ హరీజీని మించిన ఉదాహరణ లేదు. స్పెయిన్‌కు చెందిన ఈ యూదు కవి, అల్ హరీరీ అరబ్బీ మఖామాలను, అంటే ప్రాసవచన కథలను, హీబ్రూలోకి మార్చినప్పుడు పాత్రలకు బైబిల్ పేర్లు పెట్టాడు. ఖురాను స్ఫురించే చోట బైబిలును స్ఫురింపజేశాడు. అంతటితో ఊరుకోక, అదే పద్ధతిలో 'తహ్కెమోని' అనే సొంత గ్రంథం రాశాడు.

ఇదంతా సామరస్యం పొంగిపొర్లిన స్వర్ణయుగమేమీ కాదు. స్పెయిన్‌లోని హ్యూస్కాకు చెందిన యూదు పండితుడు మోషే 1106లో బాప్టిస్మం పొంది పెట్రుస్ అల్ఫోన్సి అయ్యాడు. వదిలి వచ్చిన మతాన్ని ఖండిస్తూ వాదగ్రంథం రాశాడు. అదే కలంతో అరబ్బీ నీతికథలను లాటిన్‌లో కూర్చాడు. ఆ 'డిసిప్లినా క్లెరికాలిస్' యూరప్ అంతటా వ్యాపించింది. ద్వేషం ఒకవైపు సాగుతుండగానే కథలు మరోవైపు చేతులు మారాయి. ఆ పని చేసినవారిలో చాలామంది రెండు సమాజాల గుమ్మాల్లో నిలిచినవారు. ఇరుపక్షాల అనుమానాల మధ్య బతికారు, అయినా పని ఆపలేదు.

కరటక దమనకులను చిన్నప్పుడే పరిచయం చేసుకున్న తెలుగు పాఠకులు దిమ్నా విచారణను కూడా చదవాలి. చిన్నయసూరి ముగింపునూ ఇబ్న్ అల్ ముఖఫ్ఫా ముగింపునూ పక్కపక్కన పెట్టి మన తరగతి గదుల్లో పిల్లలు వాదించుకునే రోజు రావాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను.