రిజిస్టరులో రాసిందే రేపటి లెక్క



ఈ రోజు నా ప్రసంగ విషయం సమాచార అక్షరాస్యత. పేరు వినగానే ఇదేదో పెద్ద కంపెనీలకూ, కంప్యూటరు చదివినవాళ్లకూ సంబంధించిన సంగతి అనుకోకండి. బిడ్డను బడిలో చేర్చినవాళ్లకు, రేషన్ కార్డు ఉన్నవాళ్లకు, పట్టా కోసం తాలూకా ఆఫీసుకు తిరిగినవాళ్లకు, అందరికీ దీనితో పని ఉంది. నేను బడిపంతులును కాబట్టి బడి సంగతితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట, మన సరిహద్దు ప్రాంతంలోని ఒక బడిలో, ఐదో తరగతి పిల్లల వివరాలు సరిచూసే పని నాకు అప్పగించారు. కంప్యూటరు నుంచి తీసిన పట్టిక చేతికిచ్చారు. అందులో మాతృభాష అని ఒక గడి ఉంది. పైనుంచి కిందిదాకా ఒకటే మాట: తమిళం. ఆ పిల్లల్లో చాలామంది బడి గేటు దాటగానే తెలుగులో పోట్లాడుకునేవాళ్లే! విచారిస్తే విషయం తెలిసింది. మొదట వివరాలు ఎక్కించిన రోజు తొందరలో ఒక గడిలోని మాటనే కిందిదాకా నింపేశారు. మరుసటి ఏడు పాత పట్టికకే నకలు తీశారు. ఆ పై ఏడూ అంతే. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ తప్పు పాతబడి నిజమై కూర్చుంది.

ఒక అమ్మాయి వాళ్ల అవ్వను అడిగాను. "అవ్వా, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?"

"ఏం సారూ, ఇప్పుడు నీతో మాట్లాడేదే కదా! మా అవ్వ కాలం నుంచీ ఇదే. ఎవురూ అడగలేదు, మేమూ చెప్పలేదు" అంది.

ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. శ్రోతలారా, మన ఆఫీసుల లెక్కల్లో దొర్లే తప్పుల్లో చాలావాటికి మూలం ఈ రెండు మాటల్లోనే ఉంది.

ఒక్క గడిలో ఏ మాట ఉంటే ఏమిటి అని మీరు అడగవచ్చు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక తీర్మానం చేశారు. ఒక భాష మాట్లాడే పిల్లలు బడి మొత్తంలో 40 మందికి గానీ, ఒక తరగతిలో 10 మందికి గానీ తగ్గకుండా ఉంటే, ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది దాని సారాంశం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం కూడా, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు. కానీ ఒక బడిలో తెలుగు పిల్లలు ఎందరని అధికారి అడిగినప్పుడు జవాబిచ్చేది ఆ బడి పట్టికే. పట్టికలో సున్నా ఉంటే, తరగతి నిండా తెలుగు పిల్లలున్నా లెక్క సున్నాయే.

ఈ లెక్కల చరిత్రలో మన ధర్మపురికి ఒక చోటుంది. 1994లో కేంద్ర ప్రభుత్వం జిల్లా ప్రాథమిక విద్యా పథకాన్ని ఏడు రాష్ట్రాల్లో 42 జిల్లాలతో ప్రారంభించింది. ఆ జిల్లాల్లో ధర్మపురి ఒకటి. అప్పటికి కృష్ణగిరి, హోసూరు కూడా మన జిల్లాలోనివే. కృష్ణగిరి వేరు జిల్లా అయింది 2004లో. ఆ పథకంతోపాటే డైస్ అనే సమాచార వ్యవస్థ వచ్చింది. ఢిల్లీలోని నీపా అనే సంస్థ దాన్ని రూపొందించింది. బడిలో గదులెన్ని, నీళ్లున్నాయా, ఉపాధ్యాయులెందరు, పిల్లలెందరు అని ప్రతి బడి ఒక ఫారం నింపేది. జిల్లా కేంద్రంలో ఆ ఫారాలను కంప్యూటరుకు ఎక్కించేవారు. 2012-13 నుంచి అది యూడైస్ అయింది. 2022-23 నుంచి బడి మొత్తం అంకెలే కాక, ఒక్కొక్క విద్యార్థి వివరాలూ విడివిడిగా చేరుతున్నాయి.

వ్యవస్థ మంచిదే. ఒకప్పుడు దేశం మొత్తం బడుల లెక్క చేతికి రావడానికి ఏళ్లు పట్టేది. ఇప్పుడు ఏ బడికి గది కావాలో, ఎక్కడ టీచరు కొరత ఉందో త్వరగా తేలుతుంది. అయితే కంప్యూటరు కూడగలదు, వెతకగలదు, పంపగలదు. గడిలో రాసింది నిజమా కాదా అని ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్లి అడగలేదు. ఆ పని మనిషిదే.

మన సరిహద్దువాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. త, ద కూ అంతే. ప, బ కూ అంతే. గంగమ్మ అనే పేరు తమిళంలో రాసి, దాన్ని చూసి ఇంకొకరు ఇంగ్లీషులో ఎక్కిస్తే కంగమ్మ కావచ్చు. దేవరాజు తేవరాజు కావచ్చు. ఇంటిపేరు సంగతి మరీను. కుప్పంలో చదివిన అన్నకు ఇంటిపేరు ఉంటుంది. ఇక్కడ చదివిన తమ్ముడికి తండ్రి పేరు మొదటి అక్షరం ఉంటుంది. ఊరికి వాళ్లు అన్నదమ్ములే. కంప్యూటరుకు మాత్రం ఏ సంబంధమూ లేని ఇద్దరు మనుషులు. ఈ తేడాలు స్కాలర్‌షిప్పు దగ్గరో, కాలేజీ సీటు దగ్గరో బయటపడతాయి. అప్పుడు దిద్దుకోవడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు.

1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ అనే ఆయన సమాచార అక్షరాస్యత అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. పనిచేసే చోట తమకు కావలసిన సమాచారాన్ని వెదికి వాడుకోగల నేర్పు అని ఆయన ఉద్దేశం. మన అవసరానికి దాన్ని నాలుగు ప్రశ్నలుగా చెప్పుకుందాం. ఏ కాగితమైనా చేతికి వస్తే, ఇది ఎవరు రాశారు? దేన్ని చూసి రాశారు? ఏ తేదీ నాటిది? ఎవరు సరిచూశారు? తేదీ చిన్న విషయం కాదు. డైస్‌లో చాలా ఏళ్లు సెప్టెంబరు 30 నాటి లెక్కనే తీసుకునేవారు. అక్టోబరులో చేరిన బిడ్డ ఆ ఏడు అంకెల్లో కనిపించదు. అది తెలియకపోతే, సరిగ్గా ఉన్న లెక్కనే తప్పనుకుని తగవుపడతాం.

ఈ నాలుగు ప్రశ్నలు తల్లిదండ్రులకే కాదు, సంస్థలకూ వర్తిస్తాయి. బడి కానివ్వండి, పాల సొసైటీ కానివ్వండి, సహకార బ్యాంకు కానివ్వండి. వివరాలు పైకి పంపే ముందు, అవి ఎవరివో వారికి ఒకసారి చదివి వినిపించాలి. చదువురాని అవ్వకు కూడా వినడం వస్తుంది కదా!

మీ వంతుగా, బిడ్డను చేర్చిన రోజే పేరు, పుట్టిన తేదీ, మాతృభాష ఎలా రాశారో చదివించుకుని వినండి. తమిళనాడులో పట్టా, చిట్టా వివరాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఏడాదికొకసారి చూపించుకోండి. ప్రభుత్వ కార్యాలయం దగ్గరున్న సమాచారం కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల రుసుముతో అర్జీ ఇస్తే, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇక ఆ ఐదో తరగతి సంగతి. ఇంటింటికీ వెళ్లి అడిగి పట్టిక దిద్దాం. తెలుగు పిల్లలు పదికి పైనే తేలారు. దిద్దిన మరునాడే తెలుగు టీచరు వచ్చారని నేను చెప్పను. ఆ పని వేరు, దానికి పట్టే కాలం వేరు. కానీ అంతకుముందు అడగడానికి మన చేతిలో ఆధారమే లేదు. ఇప్పుడు ఉంది. సరైన లెక్క అన్నీ తెచ్చిపెట్టదు. తప్పు లెక్క మాత్రం అడిగే దారినే మూసేస్తుంది.

వచ్చే జూన్‌లో బడి తలుపు తెరిచినప్పుడు ఆ అవ్వ మాటను తిరగేసి చెప్పుకుందాం. వాళ్లు అడగకపోయినా, మనం చెబుదాం.