రక్తము గడ్డకట్టుట

గాయమైనంతనే రక్తఫలకికలు చేరి రంధ్రమును మూయును. పిమ్మట థ్రాంబిన్ అను పదార్థము ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారములుగా మార్చును. పదమూడవ కారకము ఆ దారములను గట్టిగా ముడివేయును.

1935లో అమెరికా వైద్యుడు క్విక్ ప్రకటించిన ప్రోత్రాంబిన్ కాలపరీక్షలో ఆరోగ్యవంతుని ప్లాస్మా సుమారు 11 మొదలు 13 సెకనులలో గడ్డకట్టును. హీమోఫిలియాలో ఇది సరిగానే యుండును, ఎ.పి.టి.టి. అను పరీక్ష సాధారణముగా లోపమును పట్టును. పదమూడవ కారకము లోపించినచో రెండును సరిగానే యుండును! ఏలయన, అవి గడ్డ ఏర్పడు కాలమును కొలుచును గాని దాని గట్టితనమును కాదు. ఆ గడ్డను యూరియా ద్రావణములో నుంచి, కరగునేమో చూడవలెను.

ఈ లోపము తల్లిదండ్రులిరువురినుండియు సంక్రమించును. కావున మేనరికములలో అధికము. మనము ఏ రాష్ట్రమున స్థిరపడినను ఆ ఆచారము వెంటవచ్చినది. శిశువునకు బొడ్డునుండి రక్తస్రావము ఆగనిచో, పరీక్షలు బాగున్నవని ఊరకుండక, మేనరికపు మాట వైద్యునికి తప్పక తెలుపుడు.