డబ్బు కడితే ప్యాకెట్ ఎట్లా పడుతుంది?

హైదరాబాద్ పోయినప్పుడు మీరు చూసే ఉంటారు: అద్దాల బీరువాలాంటి మిషన్, లోపల వరుసగా చిప్స్, బిస్కెట్లు. ఫోన్‌తో డబ్బు కట్టి నంబరు నొక్కితే కోరిన ప్యాకెట్ కింద పడుతుంది. అమ్మే మనిషి లేడు. మరి లెక్క ఎట్లా తప్పదు?

అద్దంలోంచి గమనించండి. ప్రతి వరుసలో స్ప్రింగులాంటి పొడవాటి తీగచుట్ట ఉంటుంది. దాని ఒక్కో సందులో ఒక్కో ప్యాకెట్. మోటారు ఆ తీగచుట్టను సరిగ్గా ఒక్క చుట్టు తిప్పి ఆగుతుంది. వరుసంతా ఒక సందు ముందుకు జరిగి, అంచున ఉన్నది జారిపడుతుంది. చాలా మిషన్లలో ఆ దారికి అడ్డంగా కంటికి కనబడని పరారుణ కిరణాలుంటాయి. ప్యాకెట్ వాటిని దాటితేనే సరుకు పడ్డట్టు. లేకపోతే మోటారు ఇంకాస్త తిరుగుతుంది. అప్పటికీ పడకుంటే డబ్బు వాపసు.

నింపేవాళ్ల పనితనమూ ముఖ్యమే. సందుకన్నా ప్యాకెట్ మరీ పలచనైతే వాలిపోయి ఇరుక్కుంటుంది, లావైతే బిగుసుకుంటుంది.

 

ప్యాకెట్ ఇరుక్కుంటే మాత్రం మిషన్‌ను ఊపకండి, మీద పడే ప్రమాదముంది. చెల్లింపు వివరాలు దగ్గర పెట్టుకుని, మిషన్ మీదున్న నంబరుకు ఫోన్ చేయండి.