చేతిఫోనులోని మువ్వన్నెల జెండా

ఆగస్టు 15వ తేదీ తెల్లవారినది మొదలు మన చేతిఫోనులలో మువ్వన్నెల జెండా బొమ్మలు వానజల్లువలె వచ్చి పడుచుండును. మాటల నడుమ అక్షరమంత పరిమాణముతో నుండు నీ చిత్రమును ఎమోజీ యందురు. ఇది జపాను పదము. 'ఎ' యనగా చిత్రము, 'మోజి' యనగా అక్షరము. ఈ చిన్న బొమ్మకు అర్థమేమి, దాని నెట్లు వాడుకొనవలెను అను విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మనము చూచునది జెండాయే గాని, ఫోను పంపునది జెండా కాదు. ప్రతి దేశమునకును రెండక్షరముల గుర్తు కలదు. మన దేశమునకు 'ఐ', 'ఎన్' అను ఆంగ్లాక్షరములు. 2010లో యూనికోడు అను లిపి ప్రమాణమునందు ఇట్టి గుర్తులకై 26 ప్రత్యేకాక్షరముల నేర్పరచిరి. అందు రెండు జంటగా వచ్చినప్పుడు, అందుకొన్న ఫోను వానిని జెండాగా చిత్రించును. కొన్ని కంప్యూటరులు చిత్రింపక అక్షరములనే చూపును. కావున మనుమడు పంపిన జెండాకు బదులు రెండక్షరములే కనబడినచో వానిని తప్పు పట్టవలదు.

ఇంకొక హెచ్చరిక. ఆఫ్రికాలోని నైజర్ దేశపు జెండాయు నారింజ, తెలుపు, ఆకుపచ్చ పట్టెలతో మన జెండావలెనే తోచును. నడుమ చక్రమునకు మారు నారింజవన్నె గుండ్రని బొట్టుండును. నీలిచక్రము కలదో లేదో చూచి మరి పంపుడు.

ఇక అర్థము. 1921లో బెజవాడ కాంగ్రెసు సభల సమయమున పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జెండా నమూనాను సమర్పించిరి. పిదప మార్పులు పొందిన జెండాను 1947 జూలై 22న రాజ్యాంగసభ యామోదించినది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వివరించినట్లు, కాషాయము త్యాగమునకు, తెలుపు సత్యమార్గమునకు, ఆకుపచ్చ నేలతోడను చెట్టుచేమలతోడను మనకు గల సంబంధమునకు, 24 ఆకుల చక్రము ధర్మమునకును చలనమునకును గుర్తులు. సింగరేణి సీమవారికి ఆ పచ్చదనము మరింత దగ్గర. మన బొగ్గు కోట్ల యేండ్ల క్రిందట నేలగూలిన చెట్లే గదా!

1947 ఆగస్టు 15న దేశమున జెండా యెగిరినను, నిజాము రాజ్యములో నున్న మన రామగుండము సీమకు ఆ భాగ్యము కలుగలేదు. ఆ దినముననే స్వామి రామానందతీర్థగారిని నిర్బంధించిరి. జెండా నెత్తిన పాపమునకు పలువురు చెరసాలల పాలైరి. 1948 సెప్టెంబరు 17 వరకు మనవారు వేచియుండవలసి వచ్చెను. నేడు బొటనవ్రేలితో పంపు బొమ్మ వెనుక అంత కథ కలదు.

అట్లని ఈ బొమ్మను చులకన చేయరాదు. గోదావరిఖనిలో ఒక తండ్రి మొదటి షిఫ్టుకు బాయిలోనికి దిగుననుకొనుడు. మండు వాయువుల భయముచే ఫోనును లోనికి కొనిపోరాదు. పైకి వచ్చి చూచుకొనువేళకు దుబాయినుండి కుమారుడు పంపిన రెండు జెండాలుండును: ఒకటి మనది, ఒకటి వాడు పనిచేయు దేశముది. ప్రక్కన మాట యొక్కటియు లేదు. అయినను తండ్రికి అర్థమగును: 'నాయనా, ఇచట క్షేమము. ఊరు మరువలేదు.'

బట్టజెండాకు 2002 నాటి నియమావళి కలదు. నేల తాకనీయరాదు, దానిపై వ్రాతలు వ్రాయరాదు. ఫోను బొమ్మ బట్ట కాకపోయినను మర్యాద యొక్కటియే. తిట్టు ప్రక్కను జెండా నుంచరాదు. జెండా తగిలించినంత మాత్రమున అబద్ధపు వార్త నిజము కాదు. ఎవరు పంపిరి, ఎవరు పంపలేదు అని లెక్క చూచి తోటివాని దేశభక్తిని తూచుటయు తగదు.

పెద్దలారా, ఈమారు మనుమడు జెండా బొమ్మను పంపినప్పుడు, తిరిగి బొమ్మ నొకటి పంపి యూరకుండకుడు. వానిని పిలిచి, మన యూరిలో తొలి జెండా యెచట లేచినది, ఎవరు లేపిరి అని మీ తండ్రులవలన విన్నది చెప్పుడు. అది ఏ ఫోనును చెప్పజాలదు. సెలవు.